‘పొర ముదరనీ, తీపిద్దాం’ అనే మాట కళ్లు తీస్తోంది

దేవరకొండలోనో, అచ్చంపేటలోనో, నారాయణపేటలోనో యాభై దాటిన మనిషి చూపు మందగించిందని చెబితే ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు, ఒక్కోసారి మందుల షాపాయన కూడా ఇచ్చే జవాబు ఒక్కటే. ‘‘వయసు మీద వడ్డంక సూపు తగ్గకుంట ఉంటదా? పొర వచ్చినట్టుంది. ముదరనీ, ముదిరినంక తీపిస్తే సాలు.’’ దీనికి తోడుగా ఇంకో మాట తిరుగుతుంటుంది. ‘‘నొస్తలేదు, ఎర్రగ కాలేదు, కనవడుతనే ఉంది. గింతదానికి దవాఖాన ఎందుకు?’’ చదువులేనివాళ్లే ఇలా అంటారనుకుంటే పొరపాటు. బడిపంతుళ్లు అంటారు, బ్యాంకు ఉద్యోగులు అంటారు, హైదరాబాద్‌లో స్థిరపడ్డ కొడుకులు ఫోన్‌లో తల్లిదండ్రులకు ఇదే ధైర్యం చెబుతారు. కంటి శిబిరాలు పెట్టే పెద్దలు కూడా ఇంచుమించు ఇదే నమ్మకంతో పని చేస్తారు.

ఈ నమ్మకం తప్పు. గ్లాకోమా ఉన్న మనిషి దీన్ని నమ్ముకుంటే గుడ్డివాడవుతాడు. ఆ జబ్బును మన దగ్గర కొందరు నీటికాసులంటారు, ఉర్దూ మాట్లాడే ఇళ్లల్లో కాలా మోతియా అంటారు. ఏ పేరుతో పిలిచినా అది తీసుకుపోయిన చూపును ఏ ఆపరేషనూ, ఏ మందూ, ఏ అద్దమూ వెనక్కి తేలేవు. ఉన్న చూపును నిలబెట్టడం మాత్రం సాధ్యమే. ఆ అవకాశాన్ని ‘ముదరనీ’ అనే ఒక్క మాటతో మనం వదిలేసుకుంటున్నాం.

ఈ మాట ఊరికే పుట్టలేదని ఒప్పుకుంటాను. శుక్లం విషయంలో ఇది చాలావరకు నిజమైంది, అందుకే జనంలో ఇంత బలంగా నాటుకుంది. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. 1994లో ప్రపంచ బ్యాంకు అప్పుతో శుక్లాల ఆపరేషన్ల కోసమే పెద్ద ప్రాజెక్టు వచ్చినప్పుడు దానికి ఎంపికైన 7 రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊళ్లల్లో శిబిరాలు పెట్టారు. ముసలివాళ్లను జీపుల్లో, బస్సుల్లో పట్నానికి తీసుకెళ్లారు. కంటికి కట్టుతో తిరిగొచ్చిన అవ్వ కట్టు విప్పాక మనుమరాలి మొహం పోల్చుకోవడం పాలమూరులో, నల్లగొండలో ఎన్నో ఇళ్లు చూశాయి. ఆ విజయాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు రవ్వంత కూడా లేదు. కానీ దానివల్లే ‘పోయిన చూపు ఎప్పుడైనా తిరిగొస్తుంది, తొందరేం లేదు’ అనే ధీమా కూడా జనానికి అలవాటైంది. శుక్లంలో పాడయ్యేది కంటిలోని కటకం, దాన్ని తీసి కొత్తది పెట్టవచ్చు. గ్లాకోమాలో చచ్చేది కంటిని మెదడుతో కలిపే నరం. ఆ నరాన్ని మార్చే విద్య ఇంతవరకు ఏ దేశంలోనూ ఎవరికీ రాలేదు.

అసలు లోపల ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. అది తెలియకపోతే ‘కనవడుతనే ఉంది కద’ అనే వాదన ఎందుకు నిలవదో అర్థం కాదు. కంటి ముందు భాగంలో పలుచని ద్రవం ఎప్పుడూ ఊరుతూ ఉంటుంది. నల్లగుడ్డు అంచు వెంట ఉండే సన్నని దారుల గుండా బయటికి పోతూ ఉంటుంది. వాగు నీళ్లు చేరుతూనే ఉండి తూము పూడుకుపోతే చెరువు కట్ట మీద ఎలా బరువు పడుతుందో, ఆ దారులు మూసుకుపోతే కంటి లోపల అలా ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా ఆ ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. అది పెరిగినప్పుడు దెబ్బ తగిలేది కంటి వెనక నరం బయటికి వెళ్లే చోట. ఆ నరంలో 10 నుంచి 12 లక్షల పోగులుంటాయి. కొందరి నరం మామూలు ఒత్తిడిని కూడా తట్టుకోలేదు. పోగులు కొన్ని కొన్నిగా, ఏళ్ల తరబడి చస్తూ పోతాయి. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నీళ్లు కారవు. చాలామందిలో ముందుగా పోయేది నట్టనడిమి చూపు కాదు, దాని చుట్టూ ఉండే చూపు. ఒక కంటిలో ఏర్పడిన ఖాళీని రెండో కన్ను కప్పేస్తుంది. రెండు కళ్లలోనూ ఖాళీలు వస్తే మెదడు చుట్టుపక్కల కనిపించేదాన్ని బట్టి వాటిని పూడుస్తుంది. అందుకే మనిషికి నల్లని మచ్చేదీ కనిపించదు. ఉండాల్సిన వస్తువే కనిపించకుండా పోతుంది, పోయిందని కూడా తెలియదు.

నారాయణపేటలోనో, పుట్టపాకలోనో మగ్గం ముందు కూర్చున్న నేత కార్మికుణ్ని తీసుకోండి. తెగిన పోగును రెండు వేళ్ల మధ్య పట్టుకుని ముడి వేయడానికి, అంచులో రంగు తప్పిందో లేదో చూడటానికి అతనికి కావలసింది నడిమి చూపు. అది చివరి దాకా ఉంటుంది. నరంలో సగం పోగులు పోయినా అతను చీర నేయగలడు, అద్దాల షాపులో చార్టు కింది వరస దాకా చదవగలడు. కానీ మగ్గం గుంటలోంచి లేచి బయటికి వస్తుంటే ఎడమ భుజం ద్వారబంధానికి తగులుతుంది. పక్కన పెట్టిన చాయ్ గ్లాసు చేతి వెనక తగిలి ఒలుకుతుంది. బస్సు దిగేటప్పుడు చివరి మెట్టు అందదు. మునిమాపు వేళ రోడ్డు దాటుతుంటే మోటార్‌సైకిల్ ఎక్కడిదో లేకుండా మీదికి వచ్చినట్టుంటుంది. ‘‘సోయి లేకుంట నడుస్తడు’’ అని ఇంటావిడ విసుక్కుంటుంది. ఆ మనిషి సోయిలో లోపమేమీ లేదు, లోపం కంటి నరంలో ఉంది. అది ఇంట్లో ఒక్కరికీ తట్టదు, ఎందుకంటే అతను పోగులు ముడివేస్తూనే ఉన్నాడు. మోకు వేసుకుని తాడెక్కే గీత కార్మికుడికి ఇదే జబ్బుంటే, కాలు పెట్టే చోటు కనిపించకపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ‘ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనం’ నిర్వహించింది. హైదరాబాద్ నగరం, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, ఈ నాలుగు చోట్ల అన్ని వయసుల వాళ్లను కలిపి 10,293 మందిని పరీక్షించారు. మన పాలమూరు పల్లెలు అందులో ఉన్నాయి. హైదరాబాద్ నగర భాగం ఫలితాలు 2000లో వెలువడ్డాయి. నలభై దాటినవాళ్లలో 2.56 శాతం మందికి, అంటే నలభై మందిలో ఒకరికి, నొప్పి తెలియని రకం గ్లాకోమా ఉన్నట్టు తేలింది. ఖచ్చితంగా జబ్బుందని తేలిన 27 మందిలో ఆ సంగతి అంతకుముందే తెలిసినవాళ్లు ఇద్దరు. సగానికి పైగా మందిలో అప్పటికే నష్టం తీవ్రంగా ఉంది. గల్లీ గల్లీకి డాక్టరున్న నగరంలోనే ఇరవై ఏడు మందిలో ఇరవై ఐదుగురికి తమ కళ్లు పోతున్నాయని తెలియదు. నల్లమల అంచున అమ్రాబాద్ తండాల్లో ఎంతమందికి తెలిసి ఉంటుంది? ‘మాకేం లేదు, మంచిగనే కనవడుతుంది’ అని ఆ ఇరవై ఐదుగురు కూడా అనుకునే ఉంటారు.

అదే అధ్యయనం ఇంకో పాఠం కూడా చెప్పింది. జబ్బున్నవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి, కొలిచిన రోజున కంటి ఒత్తిడి 22 కన్నా తక్కువే ఉంది. అంటే ఒత్తిడి ఒక్కటి కొలిచి ‘బాగుంది, పొండి’ అని పంపిస్తే ముగ్గురిలో ఇద్దరు చేజారిపోతారు. చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి వెనక నరాన్ని కళ్లతో చూడాలి. ఆ నరం మధ్యలో ఉండే గుంట ఎంత వెడల్పయిందో, రెండు కళ్లలో సమానంగా ఉందో లేదో గమనించాలి. అనుమానం ఉంటే పక్కచూపు కొలిచే యంత్రం ముందు కూర్చోబెట్టాలి. చూపు చార్టు ఈ పని చేయలేదు, అద్దాల నంబరు చూసే యంత్రమూ చేయలేదు.

ఇక ‘ముదరనీ’ సంగతి. శుక్లం విషయంలోనైనా ఈ సలహా పనికొస్తుందా? ఒకప్పటి ఆపరేషన్ పద్ధతికి కటకం గట్టిపడేదాకా ఆగడం అవసరమైంది. ఇప్పుడు ఆ అవసరం లేదు. పైగా ముదిరిన శుక్లం నీరు పట్టి ఉబ్బుతుంది, కంటి ద్రవం పోయే దారిని మూసేస్తుంది. లేదంటే కరిగి లోపలే కారి ఆ దారులను పూడుస్తుంది. ఏది జరిగినా ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి, శుక్లంతో పోయిన రోగి గ్లాకోమాతో తిరిగొస్తాడు. కన్ను ఎర్రబడి, నొప్పితో ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లకు ఆపరేషన్ చేసినా చాలామందిలో చూపు పూర్తిగా రాదు, ఎందుకంటే ఆ కొద్ది రోజుల్లోనే నరం దెబ్బతిని ఉంటుంది. శుక్లం, గ్లాకోమా ఒకే కంటిలో కలిసి ఉండేవాళ్లూ తక్కువేం కాదు. వాళ్లకు పొర తీస్తే మబ్బు కొంత తొలగుతుంది కానీ పక్కచూపు రాదు. అప్పుడు ఊళ్లో వినిపించేది ఒక్కటే: ‘‘ఆపరేషన్ ఖరాబ్ చేసిండ్రు.’’ దాంతో పక్కింటి ఆయన శుక్లానికి కూడా వెళ్లడు. నిజంగా నష్టం జరిగింది ఆపరేషన్‌కు ఐదారేళ్ల ముందు, ఇంట్లో కూర్చుని ‘ముదరనీ’ అనుకున్నప్పుడు.

నొప్పి వస్తేనే జబ్బు అనేవాళ్లకు నొప్పి వచ్చే రకం గురించి కూడా చెప్పాలి. ద్రవం పోయే మూల ఇరుకుగా ఉండే కళ్లు కొందరికి పుట్టుకతోనే ఉంటాయి. ఈ రకం ఆసియా జనాల్లో, ఆడవాళ్లలో, వయసు పెరిగినవాళ్లలో ఎక్కువ. చీకటి పడ్డాక కంటిపాప పెద్దదయినప్పుడు ఆ మూల పూర్తిగా మూసుకుపోవచ్చు. కన్ను, కణత, సగం తల బద్దలయ్యే నొప్పి వస్తుంది. బల్బు చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి, చూపు పొగమంచులా మారుతుంది, వాంతులవుతాయి. రాత్రి పది గంటలకు ఊళ్లో ఇలా జరిగితే ఏం చేస్తారు? వేడి చేసిందని మజ్జిగ తాగిస్తారు, పైత్యమని నిమ్మరసం ఇస్తారు. వాంతి కనిపిస్తుంది కానీ కన్ను కనిపించదు. ఆర్‌ఎంపీ వచ్చి వాంతులకు సూది వేసి పోతాడు. తెల్లారి నొప్పి కాస్త తగ్గితే బతికిపోయామనుకుంటారు. ఈ రకంలో గంటలు లెక్క, రోజులు కాదు. ఆ రాత్రే ఒత్తిడి దించితే కన్ను దక్కుతుంది. అంతకన్నా మేలు, ఆ రాత్రి రాకుండానే చూసుకోవచ్చు. మూల ఇరుకుగా ఉందని ముందే గుర్తిస్తే లేజర్‌తో సన్నని రంధ్రం చేస్తారు. కొన్ని నిమిషాల పని, అదే రోజు ఇంటికి వచ్చేయవచ్చు.

పసిపిల్లల విషయంలో మన ధీమా ఇంకా కఠినమైన ఫలితమిస్తుంది. ‘‘బిడ్డకు ఎంత పెద్ద కండ్లో, ఎంత సక్కగున్నయో’’ అని మురిసిపోతాం. పుట్టుకతో గ్లాకోమా ఉన్న బిడ్డ కన్ను లోపలి ఒత్తిడికి సాగి పెద్దదవుతుంది. ఆ బిడ్డ వెలుతురు చూడలేక మొహం తల్లి భుజంలో దాచుకుంటుంది, కళ్లలోంచి నీళ్లు కారుతుంటాయి, నల్లగుడ్డు మీద నీలంగా మసక ఉంటుంది. పాశ్చాత్య దేశాల్లో సుమారు 10,000 మంది పిల్లల్లో ఒకరికి వచ్చే ఈ జబ్బు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 3,300 మందిలో ఒకరికి ఉన్నట్టు అంచనా కట్టారు. మేనరికాలు ఇందుకు ఒక ముఖ్య కారణం. ఈ పిల్లలకు ఆపరేషన్లు చేయడంలో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ అనిల్ కుమార్ మండల్ చేసిన కృషికి 2003లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం దక్కింది. వైద్యం మన రాష్ట్ర రాజధానిలోనే ఉంది. ‘పెద్దయితే అదే సర్దుకుంటది’ అనే నానమ్మ మాట దగ్గర బిడ్డ ఆగిపోతోంది.

మన పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో ఇంకో ముప్పు ఉంది, దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఎండాకాలంలో పిల్లలకు కళ్లు దురద పెడితే మెడికల్ షాపుకు వెళ్లి ‘‘కండ్ల సుక్కలియ్యి’’ అంటాం. అక్కడ ఇచ్చే సీసాలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. వేసిన పూటకు దురద పోతుంది కాబట్టి అదే సీసా మళ్లీ మళ్లీ వస్తుంది, నెలలు గడుస్తాయి. కొందరి కళ్లలో స్టెరాయిడ్ చుక్కలు ఒత్తిడిని విపరీతంగా పెంచుతాయి. ఎర్రని కళ్లు తెల్లబడ్డాయని సంతోషిస్తుంటే వెనక నరం ఎండిపోతుంటుంది. పదిహేనేళ్ల పిల్లవాడు ఈ చుక్కల వల్ల చూపు పోగొట్టుకుంటే అది వయసు మీద పడి వచ్చిందని ఎలా అంటాం? ఇక మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన మనుషులున్నారు. మోకాళ్లకు, నడుముకు నొప్పుల సూదులు వేయించుకోకుండా వాళ్లకు పొద్దు గడవదు. వాటిలోనూ, పుడియాలుగా కట్టి ఇచ్చే గోలీల్లోనూ స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. అదీ కంటి ఒత్తిడిని పెంచగలదు. నొప్పితో బతికేవాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ సూదిలో ఏముందో అడిగే హక్కు వాళ్లకుంది. చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు అమ్మడం మాత్రం నేరం, దాన్ని అధికారులు నేరంగానే చూడాలి.

శిబిరాల గురించి మాట్లాడితే కొందరికి కోపం రావచ్చు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం ‘కంటి వెలుగు’, 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైన దాని రెండో విడత చిన్న పనులు కావు. రెండో విడతలో 100 పనిదినాల్లో కోటిన్నర మందిని చూడాలని పెట్టుకున్నారు. ఒక రాష్ట్రం ఇంతమంది కళ్ల గురించి ఆలోచించడమే గొప్ప విషయం. బియ్యంలో రాళ్లు ఏరలేక, సూదిలో దారం ఎక్కించలేక ఇబ్బందిపడే లక్షలమంది ఆడవాళ్లకు దగ్గరి చూపు అద్దాలు అందాయి. కానీ విజయం లెక్క చెప్పినప్పుడల్లా అద్దాల సంఖ్యే వినిపించింది. అద్దాలు పెట్టుకుని ఇంటికి వచ్చిన మనిషి ఏమనుకుంటాడు? ‘‘సర్కారోళ్లు చూసిన్రు, కండ్లకు ఏం కాలేదన్నరు.’’ నరం ఎవరూ చూడలేదని అతనికి తెలియదు. కళ్లు పరీక్ష చేయించుకున్నాననే తృప్తి అతన్ని మరో ఐదేళ్లు దవాఖానకు దూరంగా ఉంచుతుంది. శిబిరం పెట్టినవాళ్లు ‘ఇక్కడ చూసింది అద్దాల నంబరు, శుక్లం మాత్రమే; గ్లాకోమా పరీక్ష వేరే చేయించుకోవాలి’ అని ఒక్క వాక్యం చీటీ మీద తెలుగులో రాసి ఇస్తే ఈ ప్రమాదం సగం తగ్గుతుంది. దానికి పైసా ఖర్చు లేదు.

ఇక్కడ వైద్యరంగంలోనివాళ్లు ఒక బలమైన అభ్యంతరం చెబుతారు. గ్లాకోమా కోసం జనం మొత్తాన్ని జల్లెడ పడితే ఖర్చెక్కువ, దొరికేవాళ్లు తక్కువ, లేని జబ్బును ఉందని భయపెట్టే ప్రమాదమూ ఉంది అంటారు. అమెరికాలో నివారణ వైద్యంపై సలహాలిచ్చే నిపుణుల బృందం కూడా 2022లో, లక్షణాలు లేని పెద్దలందరినీ పరీక్షించాలని చెప్పడానికి తగినంత ఆధారం లేదన్నది. ఈ వాదనను నేను తోసిపుచ్చను. ఊళ్లో ప్రతి ఇంటి తలుపు తట్టమని నేనూ అడగడం లేదు. అడుగుతున్నది వేరు. ఏదో ఒక కారణంతో కంటి డాక్టరు ముందు ఇప్పటికే కూర్చున్న నలభై దాటిన మనిషికి, శుక్లమని వచ్చినా, అద్దాల కోసం వచ్చినా, కంట్లో దుమ్ము పడి వచ్చినా, ఒత్తిడి కొలిచి నరం చూసి పంపమంటున్నాను. కుర్చీ అక్కడే ఉంది, రోగి అక్కడే ఉన్నాడు, డాక్టరూ ఉన్నాడు. ఇంకో పది నిమిషాలు కావాలి, అంతే. జబ్బున్న ప్రతి మనిషి అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను, పిల్లలను తప్పక పిలిపించమంటున్నాను, ఎందుకంటే వాళ్లకు ఈ జబ్బు వచ్చే ప్రమాదం మిగతావాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లు, దూరపు చూపుకు ఎక్కువ నంబరు అద్దాలు వాడేవాళ్లు, ఏళ్లుగా స్టెరాయిడ్ మందులు తీసుకునేవాళ్లు కూడా ఈ జాబితాలోనే ఉంటారు.

సాధనాలు లేవనే సాకు కూడా ఇప్పుడు చెల్లదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో, సూర్యాపేటలో 2019లో, నాగర్‌కర్నూల్‌లో, వనపర్తిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. పాత నల్లగొండ జిల్లా బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ఇవన్నీ లేని రోజుల్లో వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రే దిక్కు. ఒక పూట కూలీ పోతుందని ఆ ప్రయాణం వాయిదా పడేది. ఇప్పుడు దూరం తగ్గింది. ఈ కళాశాలల కంటి విభాగాల్లో వారానికి ఒక రోజు గ్లాకోమా కోసమే కేటాయించి, ఆ రోజేదో ప్రతి ఆశా కార్యకర్తకూ తెలిసేలా చేయడానికి కొత్త భవనాలు అక్కర్లేదు.

ఆఖరి వాదన, గ్లాకోమాకు రోజూ వేసుకోవాల్సిన చుక్కల మీద వచ్చేది, అన్నిటికన్నా బాధ కలిగించేది. ‘‘సుక్కలేస్తే సూపు వస్తదా? రాదంట. మరి బతికినన్ని దినాలు ఎందుకు ఏసుడు? డాక్టర్ల పైసల యావ.’’ చుక్కలు వేస్తే పోయిన చూపు రాదు, నిజమే. ఉన్నది పోకుండా ఆగుతుంది. బీపీ గోలీ వేసుకున్నవాళ్లు ‘ఇవాళ నాకు ఏం లాభం కనిపించింది’ అని అడగరు. స్వీడన్‌లో చేసిన పరిశోధనలో కంటి ఒత్తిడి ఒక్కో మిల్లీమీటరు తగ్గితే జబ్బు ముదిరే ప్రమాదం సుమారు 10 శాతం చొప్పున తగ్గినట్టు తేలింది. ఒత్తిడి ఎక్కువుండి ఇంకా నరం దెబ్బతిననివాళ్ల మీద అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. ఐదేళ్లలో చుక్కలు వాడనివాళ్లలో 9.5 శాతం మందికి గ్లాకోమా వచ్చింది, వాడినవాళ్లలో 4.4 శాతం మందికే వచ్చింది. సగానికి పైగా తగ్గింది. టిమొలాల్ వంటి చుక్కలు మన అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి, ఖరీదూ పెద్దగా ఉండదు. ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్లు, నాడి నెమ్మదిగా కొట్టుకునేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, వాళ్లకు వేరే మందు ఇస్తారు. చుక్కలు కుదరనివాళ్లకు లేజర్ ఉంది, ఆపరేషన్ ఉంది. ఇంకో లెక్క చూడండి. చూపు పోయి వైకల్య సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషికి ప్రభుత్వం ఇచ్చే పింఛను 2023లో నెలకు 3,016 రూపాయల నుంచి 4,016 రూపాయలకు పెరిగింది. చూపు పోయాక బతికినంతకాలం అంత ఇచ్చే ప్రభుత్వం, పోకముందు చుక్కల సీసా ప్రతి నెలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇవ్వలేదంటే నేను ఒప్పుకోను.

చుక్కలు వాడటంలో ఉన్న కష్టాన్ని చిన్నది చేసి చెప్పలేం. నాగలి పట్టి, పార పట్టి మొద్దుబారిన వేళ్లతో బొటనవేలంత ప్లాస్టిక్ సీసాను నొక్కితే ఒక్క చుక్కకు బదులు నాలుగు పడతాయి. రెండు చెంప మీద, ఒకటి రెప్ప మీద, ఒకటే కంట్లోకి. నెల రావలసిన సీసా పది రోజుల్లో అయిపోతుంది. మళ్లీ కొనడానికి చేతిలో పైసలుండవు. ముంబైకో, పుణెకో పనికి పోయిన పాలమూరు కూలీకి అక్కడ ఏ సీసా కొనాలో తెలియదు, మూడు నెలలు ఆపేస్తాడు. ఈ మూడు నెలల్లో కంట్లో ఏ తేడా తెలియదు కాబట్టి ఆపినా ఏం కాలేదనుకుంటాడు. దీనికి పరిష్కారం తిట్టడం కాదు, నేర్పడం. పడుకోబెట్టి, కింది రెప్పను కిందికి లాగి, ఒక్క చుక్క వేసి, కన్ను మూసి, ముక్కు పక్కన కంటి కొసను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. రెండో మందు ఉంటే ఐదు నిమిషాలు ఆగి వేయాలి. ఇంట్లో బడికి పోయే మనుమడికి ఈ పని అప్పగిస్తే వాడే బాగా చేస్తాడు. వలస పోయేవాళ్లు మందు పేరు రాసిన చీటీని, ఖాళీ సీసాను వెంట తీసుకెళ్లాలి.

మీ ఇంట్లో నలభై దాటినవాళ్లు ఎవరైనా ఈ మధ్య అద్దాలు మాటిమాటికి మార్చుకుంటున్నా, వెలుతురులోంచి చీకటి గదిలోకి వెళ్తే తడుముకుంటున్నా, మెట్టు తప్పుతున్నా, ద్వారబంధానికి భుజం తగిలించుకుంటున్నా వాళ్లను శుక్లం ముదిరేదాకా ఆపకండి. ఇవేవీ లేకపోయినా ఒకసారి తీసుకెళ్లండి, ఎందుకంటే ఈ జబ్బు ఇవేవీ చూపకుండానే మొదలవుతుంది. డాక్టరు అద్దాల చీటీ రాసి లేస్తుంటే ‘‘సార్, ఒత్తిడి కొలిచిండ్రా? సుక్కలేసి లోపల నరం చూసిండ్రా?’’ అని అడగండి. సిగ్గుపడకండి, అడగటానికి మీకు హక్కుంది. మీ నాయనో, మీ పెద్దమ్మో ‘పొర వచ్చి’ చూపు పోగొట్టుకుని, ఆపరేషన్ చేయించినా రాకుండా గుడ్డిగానే చనిపోయి ఉంటే, ఆ రక్తం పంచుకున్న మీరు, మీ తోబుట్టువులు ఈ నెలలోనే వెళ్లి చూపించుకోండి.